పెద్దకూరకు ప్లగ్గు

మా రోజుల్ల నిదానంగ వండుడు అనే ముచ్చటే లేకుండె. ఎందుకంటే జల్దిగ వండుడు లేకుండె. కూర ఉడకాలె, ఉడికేదాక ఆగాలె, అంతే. తర్వాత కుక్కర్లు వచ్చినయి, మూడు కూతలకు కూర దించుడు నేర్చిండ్రు. అట్ల వండితే ముక్క మెత్తగైతది గని రుచి ఉండదని ఇప్పుడు ఇంకో పెట్టె కొంటున్నరు. దాంట్ల ఎనిమిది గంటలు మగ్గబెట్టి, "నిదానంగ వండితే టేస్టే వేరు బాపూ" అని నాకే పాఠం చెప్తున్నరు. డెబ్బై ఏండ్లు దాటిన నా పెయ్యి మొత్తం నిదానంగ ఉడికిన కూర తోటి పెరిగిందేనాయె!

మా చిన్నోడు డల్లాస్‌ల ఉంటడు. దసరాకు వచ్చినప్పుడు సూట్‌కేస్‌ల బట్టల నడుమ స్లో కుక్కర్ పెట్టుకొచ్చిండు. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ఉత్తగ ప్లగ్గు పెడితే పెట్టె కాలిపోతది. అందుకని వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరీంనగర్ టవర్ సర్కిల్ దిక్కు దుకాణాలన్ని తిరిగిండు. చివరికి దొరికిన డబ్బా కుక్కర్ కన్న బరువున్నది. కూర వండాల్నంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాల్నని మా కాలంల ఎవలన్న చెప్తే ఎర్రగడ్డ దవఖానకు పంపుదుము.

ఇగ వంట. పేరు మెక్సికో కారం బీఫ్. బొక్క లేని ముక్కలు అడిగి కొట్టించుకొచ్చిండు. బొక్క తీసేసినంక అది కూర ఎట్లయితదో నాకు అర్థం కాలేదు. పైన టమాటలు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, జీలకర్ర, జెర వెనిగర్ వేసిండు. ఒక రేకు డబ్బా కోసి నల్లటి మిరపకాయల గుజ్జు పోసిండు. చిపోట్లే అంటరట, పండిన హలపీనో మిర్చిని పొగల ఎండబెడితే వచ్చేది. మనోళ్లు పొయ్యి పొగ వద్దని గ్యాసు పెట్టుకున్నరు. ఇప్పుడు పొగ వాసన కోసం మెక్సికో నుంచి డబ్బా తెప్పిస్తున్నరు. చుక్క నీళ్లు పోయలేదు. రాజ్మా గింజలు మాత్రం రాత్రి నానేసి, పొద్దుగాల గ్యాసు మీద బాగ మరిగించి, ఆ నీళ్లు వంపి వేసిండు. పచ్చి రాజ్మాల ఏదో విషముంటదట, ఈ పెట్టె మంద వేడికి అది చావదట. ఆ ఒక్క జాగ్రత్త నాకు నచ్చింది. అంటే ఆ పెట్టెను వాడు కూడ పూర్తిగ నమ్మలేదన్నట్టు.

తర్వాత అద్దం మూత పెట్టి, మర "లో" మీద తిప్పి, పోయి ఫోన్ పట్టుకొని కూసున్నడు. వండుడు అయిపోయింది!

నేను రెండు మూడుసార్లు మూత తీసి చూసిన. కూర దగ్గరికి పోయి వాసన చూడకుంటె, గంటె పెట్టి కలపకుంటె అది వంటనా? వాడు నెత్తి పట్టుకున్నడు. "బాపూ, మూత తీసినప్పుడల్లా వేడి పోతది, ఇంకో ఇరవై ముప్పై నిమిషాలు ఎక్కువ పడతది" అన్నడు. పడనీ. ఆగాల్ననే కద కొన్నవు!

అసలు పెద్దకూర అంత సేపు ఎందుకు ఉడకాలెనో వీళ్లకు చెప్పినోళ్లు లేరు. మా ఊరు మంథని దిక్కు, గోదారి ఒడ్డు. మా వాడకు వచ్చేది పది పన్నెండేండ్లు నాగలి గుంజిన ఎద్దు. ఇగ కాడి మోయలేదంటె అప్పుడు కోతకు వచ్చేది. కష్టం చేసిన కండల పొరలు, నరాలు మస్తుగ ఉంటయి. కొలాజెన్ అంటరట దాన్ని. పసరం ముసలిదైనకొద్ది అది గట్టిపడుతది. తడి వేడిల గంటలకు గంటలు ఉంటెనే కరిగి జిగురైతది. ఆ జిగురే సోర్వకు చిక్కదనం, అదే పెదవులకు అంటుకునేది. పెద్ద మంట పెడితే ముక్క బిగుసుకపోతది, మంట తగ్గిస్తేనే దారికొస్తది. చట్టం చూసినా అంతే. 1977ల వచ్చిన చట్టం తోటి ఆవును కోసుడు బందయింది. ఎద్దునైనా బర్రెనైనా ఇగ పనికిరాదని సర్టిఫికెట్ ఉంటెనే కోయాలె. అంటే సర్కారే మమ్ముల ముసలి మాంసం తినుమన్నది. అమెరికాల ఏడాదిన్నర, రెండేండ్ల కోడెకు మక్కలు మేపి మేపి కోస్తరు. గంత లేత మాంసానికి ఎనిమిది గంటలు ఎందుకంటే, "అది భుజం ముక్క బాపూ, గట్టిగ ఉంటది" అంటడు. నాగలి ఎరుగని భుజం ఎంత గట్టిదో నేను చూడలేదు గని, నాకైతే నమ్మకం లేదు.

ఐతారం నాడు మా వాడల పోగులు పెట్టుడు చూడాల్సిన ముచ్చట. ఈతచాప పరిచి, మోదుగాకులు వేసి, ఇంటికొక పోగు పెట్టేటోళ్లు. ఒక్కొక్క పోగుల ఇంత మెత్తటి కూర, ఇంత బొక్క, ఇంత కొవ్వు, కార్జం ఒక తునక, బోటి ఇంత. ఏ పోగు చూసినా ఒక్క తీరుగ ఉండాలె. అయినా లొల్లి అవుతదని ఒకడు చాపకు ఎదురుంగ నిలబడి పోగు మీద కట్టె పెట్టి "ఇదెవలది?" అంటడు. ఇంకొకడు వీపు తిప్పి నిలబడి చూడకుంట పేరు చెప్తడు. పేరు వచ్చినోనిదే ఆ పోగు. నాకు మూలుగ బొక్క రాలేదని ఏడ్చేటందుకు కూడ సందు లేకుండె. ఇప్పుడు దుకాణంల "బోన్‌లెస్ హాఫ్ కేజీ" అంటరు, ప్లాస్టిక్ కవర్ల తెచ్చుకుంటరు, ఎవని బొక్క ఎవనికి పోయిందో దేవునికెరుక.

మిగిలిన కూర ఏం చేసేదన్నది ఇంకో కథ. ఫ్రిజ్జు ఎక్కడిది? మా అవ్వ ముక్కను పొడుగ్గ, సన్నగ, తెగకుంట కోసేది. కత్తిపీట మీద ముక్కను తిప్పుకుంట కోస్తుంటె మూరెడు పొడుగు వచ్చేది. ఉప్పు, పసుపు పట్టిచ్చి వాకిట్ల కట్టిన దండెం మీద ఆరేసేది. కాకులు రాకుండ కట్టె పట్టుకొని కూసునే నౌకరి నాది. రామగుండం దిక్కు ఎండల సంగతి తెలిసిందే కద, రెండు మూడు రోజులకే చెక్కలైతుండె. అవే తునకలు. కుండల పోసి మూతిగుడ్డ కడితే వానాకాలం దాక వచ్చేది. ముసురు పట్టినప్పుడు వేడినీళ్లల్ల నానేసి, బండ మీద దంచి, పుంటికూర వేసి వండితే... ఇగ ఆ ముచ్చట రాస్తె ఇయ్యాల నాకు అన్నం పోదు. మా అక్కను ఇచ్చింది అప్పటి ఆదిలాబాద్ జిల్లా ఆసిఫాబాద్ దిక్కు. అక్కడ చింతచిగురు తోటి వండేటోళ్లు. చలికాలంల పోతే అన్నం తినుడు కూడ పందెమే. ఆ అడవి చలికి కూరల కొవ్వు పళ్లెంలనే గడ్డకట్టేది, వేడివేడిగ మింగాలె లేకుంటె మూతి మీద పేరుకుంటది.

పొయ్యి మీద ఉడికేది ఒకటైతే, దాలి మీద మగ్గేది ఇంకోటి. వాకిట్ల గుంత తీసి, పిడకలు పేర్చి నిప్పు పెడితే మంట రాదు, లోలోపల రాజుకుంటది. పాలకుండ దాని మీదనే ఎర్రగ కాగేది. పాలు దించినంక మా బాపమ్మ దాని మీద బొక్కల కుండ పెట్టేది. రాత్రంతా గుబగుబమనుకుంట ఉండి, పొద్దుగాల్లకు సోర్వ తయారు. బాలింతలకు, జరమొచ్చి లేసినోళ్లకు ముందు పోసేది. మర లేదు, "లో" లేదు, "హై" లేదు. బూడిద జెర ఎక్కువ కప్పితే లో, ఊదితే హై.

నౌకరి దొరికినంక గోదావరిఖని వచ్చిన. సింగరేణిల బాయి పని. కార్మికుల ఇండ్లల్ల బొగ్గుల పొయ్యే. పాత బకెటుకు లోపల మట్టి మెత్తి, కింద ఒక కంత కొట్టి, నడుమ ఇనుప కమ్ములు పెట్టేది. పొద్దుమీకి ప్రతి వాకిట్ల ఒక పొయ్యి, కాలనీ మొత్తం పొగ. ఆ పొగ ఒడిసి బొగ్గు ఎర్రగైనంకనే లోపలికి తెచ్చేది. రాత్రి షిఫ్టుకు నేను పోయేటప్పుడు మా ఇంటామె గంజు ఎక్కించేది, పొద్దుగాల బాయి నుంచి వచ్చేవరకు కూర కాలకుంట, మాడకుంట, గోరువెచ్చగ నా కోసం ఉండేది. దాన్ని ఇప్పుడు "కీప్ వార్మ్" అంటరట, దానికో బటన్ కూడ ఉన్నది.

ఇక్కడ ఒక లెక్క చెప్తా. ఆ పెట్టె పెద్దగ కరెంటు తినదు, రెండు వందల యాభై వాట్లు అనుకుందాం. ఎనిమిది గంటలకు రెండు యూనిట్లు. మనకు కరెంటు యాణ్నుంచి వస్తది? పక్కనే ఉన్న రామగుండం ఎన్‌టీపీసీ, 2600 మెగావాట్లు, కాలబెట్టేది సింగరేణి బొగ్గు. ఒక యూనిటుకు ముప్పావు కిలో దాక బొగ్గు కావాలె. అంటే వాని కూర ఉడకనీకి కిలోన్నర బొగ్గు కాలింది. ఆ బొగ్గు వేడిల మూడింట రెండొంతులు చిమ్నీల, నీళ్లల్ల పోతది. అంత దూరం తిరిగొచ్చి ఉడికించింది కూడ మా సింగరేణోళ్లు తవ్విన బొగ్గే. పొగ లేని వంట అని వాడు మురిసిపోతుండు. పొగ ఎటు పోయింది? గదిగో, ఎన్‌టీపీసీ గొట్టం దిక్కు చూడు.

ఈ ముచ్చట నేను గట్టిగనే చెప్తుంటె మా ఇంటామె వంటింట్ల నుంచి అందుకున్నది. "ఆ పొగ ఊదింది నేను. కండ్లు మండింది నాకు. ముప్పై ఏండ్లు దగ్గింది నేను. బాయి నుంచి వచ్చి తిని పండుకున్నోనివి, పొయ్యి గురించి నువ్వు చెప్తున్నవా? వాడు ఇంకో పెట్టె తెస్తె నాకిప్పియ్యి." దీనికి జవాబు నా దగ్గర ఉన్నది గని, సమయం కాదని ఊకున్న.

వాడు ఊకోలేదు. ఆ పెట్టె పుట్టుక చెప్పిండు. ఇర్వింగ్ నాక్సన్ అని షికాగో యూదుడట, 1940ల పేటెంటు వచ్చిందట. వాళ్ల అమ్మ లిథువేనియా నుంచి వచ్చింది. ఆ దేశంల యూదులు సబ్బత్ అనే విశ్రాంతి దినం నాడు పొయ్యి ముట్టియ్యరు. అందుకని శుక్రారం మాపటికే మాంసం, గింజలు కుండల వేసి ఊరి రొట్టెల భట్టికి పంపేటోళ్లు. భట్టి ఆరుకుంట ఆరుకుంట రాత్రంతా కూరను ఉడికించేది. ఆ ముచ్చట విని కొడుకు కరెంటు కుండ చేసిండు. తర్వాత రైవల్ అనే కంపెనీ కొని, 1971ల క్రాక్-పాట్ అని అమ్మింది. ఆడోళ్లు నౌకర్లకు పోయే కాలం, మస్తు అమ్ముడుపోయింది. అంటే ఏంది? ఆయన వాళ్లమ్మ చెప్పింది యాది పెట్టుకున్నడు. మా బాపమ్మ దాలి గురించి మా ఇంట్ల ఎవలకన్న యాదికి ఉన్నదా?

మెక్సికో కూర సంగతి కూడ వాడే చెప్పిండు. ఇది మాత్రం నేను నిమ్మళంగ విన్న. అక్కడి బార్బకోవా అనే మాంసం వంట అసలు పెట్టెల వండేది కాదట. గుంత తీసి, రాళ్లు కాల్చి, కలబంద తీరుగ ఉండే మగేయ్ ఆకుల మాంసం చుట్టి, పైన మట్టి కప్పి రాత్రంతా వదిలేసేది. టెక్సాస్ దక్షిణం కొసకు మెక్సికో సరిహద్దుల పెద్ద పెద్ద పశువుల ఆసాములు ఉండేటోళ్లు. వాళ్ల దగ్గర మెక్సికో కూలీలు పసులు కాసేటోళ్లు. మంచి కూర దొరకు, తలకాయ, పేగులు, పొట్ట మీది పొర కూలోనికి. కూలి కిందనే లెక్క. వాళ్లు ఆ తలకాయనే గోనెసంచుల చుట్టి గుంతల పూడ్చి ఐతారం పొద్దుగాల తీసి తినేటోళ్లు. బ్రౌన్స్‌విల్ అనే ఊర్ల 1955 నుంచి నడిచే వేరాస్ అనే కొట్టుల ఇప్పటికీ గుంతలనే వండుతరట, మెస్కీట్ కట్టె నిప్పుల మీద. మెస్కీట్ అంటే ఏందో కాదు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. 1870లల్ల ఇంగ్లీషు దొరలు వంటచెరకు కోసమని విత్తనాలు తెప్పిస్తే ఇయ్యాల దేశం మొత్తం కమ్ముకున్నది. మన చెరువు కట్టల మీద మొలిచేది అదే.

మా తాతల కాలంల కూడ అంతే కద. వెట్టి కింద దొర ఇంట్ల గొడ్డు చస్తే ఎత్తేయాల్సింది మా వాడోళ్లే, చెప్పులు కుట్టియ్యాల్సింది, మోటకు తోలు పెట్టాల్సింది మా వాడోళ్లే. దానికి కూలి ఆ చచ్చిన గొడ్డు. 1927ల మహాడ్‌ల అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం ముట్టకుండ్రి అన్నడు. ఆ మాట మా వాడకు రానీకి చానా ఏండ్లు పట్టింది గని, వచ్చినంక మా తాత ఆ పనిని వదిలిండు. కోసిన కూర వేరు, మోసిన కూర వేరు అనేటోడు.

కారం సంగతి ఒకటి చెప్పాలె. మిరపకాయ ఆ మెక్సికో దిక్కు దేశాల నుంచే పోర్చుగీసోళ్ల ఓడల మీద వచ్చింది, నాలుగైదు వందల ఏండ్ల కింద. మక్కలు అక్కడియే, టమాట అక్కడిదే. అయితే ఏంది, వాళ్ల కాయ మన దగ్గరకొచ్చి కారం నేర్చుకున్నది. వాని డబ్బాల గుజ్జు నాలికకు తగిలింది గని గొంతు దిగలేదు. ఆ మాత్రం కారానికి మన వరంగల్ చపాటా మిర్చి ఉన్నది కద, రంగు మస్తు, కారం తక్కువ, టమాట మిర్చి అంటరు, 2025ల జీఐ గుర్తింపు వచ్చింది. అవి నాలుగు కాయలు, గింజలు తీసి నానేసి నూరి వేస్తే వాని డబ్బాకు పైసలు మిగులు. మక్కరొట్టెల మాత్రం వాళ్లు మనకన్న తెలివిగలోళ్లు, ఒప్పుకుంటా. మక్కలను సున్నపు నీళ్లల్ల ఉడికిస్తరు. పొట్టు ఊడిపోతది, పిండి సాగుతది, రొట్టె పలుచగ వస్తది. మా అవ్వ వేడినీళ్లు పోసి ఎంత పిసికినా మక్కరొట్టె అంచులు పగిలేటియి. సున్నం మన ఇంట్ల లేకనా? పాన్‌దాన్ల ఉండె. ఎవలకూ తట్టలేదు.

అన్నిటికన్న నాకు కడుపుల మండేది ఇంకోటి. పిల్లల చదువుల కోసం కరీంనగర్‌ల కిరాయి ఇల్లు చూసినప్పుడు ఇంటోళ్లు అడిగే మొదటి మాట "ఏం తింటరు?" అది తిండి గురించి అడిగే మాట కాదని అడిగినోనికి తెలుసు, నాకు తెలుసు. దొరికిన ఇంట్ల ఐతారం పూట కిటికీలు మూసి, ఊదుబత్తులు ముట్టించి వండుకున్నం. నిదానంగ ఉడికే కూరకు ఇదొక తిప్పల, వాసన పొద్దంతా వస్తది. పిల్లలకు డబ్బాల మాత్రం పప్పే పెట్టేది. 2012ల ఉస్మానియా యూనివర్సిటీల పిల్లలు పెద్దకూర పండుగ అని బయట పొయ్యి పెట్టి వండుకుంటె కొట్లాటలైనయి, కత్తిపోట్లు కూడ అయినయి. టీవీల చూసుకుంట కూసున్న. మేము కిటికీలు మూసి వండినదాన్ని వీళ్లు మైదానంల పెట్టిండ్రు కద అని గర్వమైంది, భయమైంది.

ఇప్పుడు డల్లాస్‌ల మా చిన్నోని ఇంటికి తెలుగోళ్లు శనివారం శనివారం వస్తరు. అన్ని కులాలోళ్లు. పెట్టె మూత తీస్తడు, రెండు గంటెల తోటి పీచులు పీచులుగ చీలుస్తడు, రొట్టెల పెట్టి నిమ్మకాయ పిండుతడు. ఫోటోలు దిగుతరు. ఇంకో రెండు పెట్టుమని అడిగి తింటరు. వాళ్లల్ల ఒకామె రెసిపీ రాసుకపోయిందట. తినుండ్రి, నాకేం కోపం లేదు. కడుపు నిండ తినుండ్రి. గని కరీంనగర్ వచ్చినప్పుడు మీ నాయిన కిరాయికిచ్చే ఇంటి ముంగట నిలబడి ఏం తిన్నరో చెప్పుండ్రి.

ఆ పొద్దు మా ఇంట్ల కూర మాపటికి తయారైంది. మూత తీసుడుతోటి ఆలస్యమైందని వాడు నన్ను అన్నడు, నేను వాని ట్రాన్స్‌ఫార్మర్‌ను అన్న. ముక్క మెత్తగనే ఉన్నది. పళ్లు లేని నాకు పనికొచ్చింది, అబద్ధమెందుకు. మనుమనికి రొట్టెల చుట్టి ఇస్తే నాలుగు తిన్నడు. బొక్క లేదు కాబట్టి పళ్లెం మీద టక్కుటక్కుమని కొట్టి మూలుగ తీసే సప్పుడు లేదు. తిన్నట్టు అనిపియ్యలేదు. మళ్ల ఐతారం నేనే మూలుగ బొక్కలు తెచ్చి పొయ్యి మీద పెట్టిచ్చిన. దాని ముంగట కూసునే ఓపిక ఎవలకూ లేక మా ఇంటామె సగంల కుక్కర్‌ల వేసి నాలుగు కూతలు పెట్టింది.

వాడు పోయేటప్పుడు ఆ పెట్టెను ఇక్కడనే వదిలిపోయిండు. ట్రాన్స్‌ఫార్మర్ అటక మీదున్నది. లోపలి పింగాణి కుండను మా ఇంటామె తీసి కడిగి మామిడికాయ తొక్కు పెట్టింది. ఉప్పు జెర తక్కువైందని నేనంటున్న. నన్ను అడిగేటోళ్లు లేరు.